చింతపండుతో కడిగిన సముద్రపు గడ్డి

కాదు, నేను ఒప్పుకోను. మర్యాదగా జవాబు చెబుదామని మూడుసార్లు టైపు చేసి మూడుసార్లు చెరిపేశాను. ఇక మర్యాద వదిలేసి రాస్తున్నాను.

మా ల్యాబ్ టెక్నీషియన్ల వాట్సాప్ గ్రూపులో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అబ్బాయి నిన్న ఇలా రాశాడు: "మీ కాలంలో ల్యాబంటే ఏముంది సార్? ఏదో జెల్లీ కాచి గాజు పళ్ళెంలో పోసి, క్రిములు పెరిగేదాకా కూర్చోవడమే కదా. ఇప్పుడు మిషన్ చెప్పేస్తుంది." కింద ఇరవై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. అందులో నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు నలుగురు.

జెల్లీ అట! బాబూ, ఆ జెల్లీ ఎక్కడి నుండి వస్తుందో నీకు తెలుసా? నాకూ తెలియదు, నీ వయసులో. తెలియకపోగా తెలుసని ఎగిరిపడేవాణ్ణి. అందువల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. అది చెబుతాను. ప్రమోషన్లు, బదిలీ కాగితాలు, అవన్నీ మీకెందుకు.

నేను, నా నోరు

నేను పుట్టి పెరిగింది మద్రాసులో. డెబ్బైల చివర్లో పెనుకొండ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా దిగేనాటికి నాకు ఇరవై మూడేళ్ళు. బస్సు దిగి నాలుగు వైపులా చూస్తే బండలు, ఎండ, మధ్యలో కోట కొండ. ఇక్కడ మనుషులు సముద్రాన్ని సినిమాలో తప్ప చూసి ఉండరని మొదటి రోజే తీర్మానించుకున్నాను. నేను మాత్రం రోజూ సాయంత్రం బీచికి పోయినవాణ్ణి కదా! ఆ బీచిలో కాళ్ళకు చుట్టుకునే పాచిని "ఛీ" అని విదిలించుకోవడం తప్ప దాని గురించి నాకు తెలిసింది సున్నా.

ఆసుపత్రికి పెద్ద ఒక డాక్టరమ్మ. కర్నూలు మనిషి. గొంతు పెంచదు, నవ్వదు, తప్పు చేస్తే కళ్ళద్దాల పైనుంచి చూస్తుంది. ఆ చూపు కంటే తిట్టు నయం. అప్పట్లో అలాంటి చిన్న ఆసుపత్రుల్లో మలం, మూత్రం, కఫం చూడటమే ల్యాబు పని. రక్తంలోంచి క్రిమిని పెంచి, అది ఏదో, ఏ మందుకు చస్తుందో తేల్చే కల్చర్ పరీక్ష ఎవరూ చేసేవారు కాదు. ఈమె మాత్రం పట్టుబట్టి పాత స్టోర్ రూములో ఒక మూల దానికోసం ఏర్పాటు చేసుకుంది. "ఊహించి మందివ్వడానికి నేను దేనికయ్యా? ఊహించేవాళ్ళు ఊరినిండా ఉన్నారు" అనేది. నా ఉద్యోగ జీవితంలో చాలామంది బాసుల్ని చూశాను. ఆమె ముందు మిగతావాళ్ళంతా హాజరుపట్టీలో సంతకాలు.

ల్యాబ్ అటెండరు ఖాసీం సాబ్. యాభై దాటిన మనిషి. గాజు సామాను ఆయన కడిగితే మచ్చ ఉండదు. నేను ఆయన్ని "ఏయ్ ఖాసీం" అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను "సార్" అనేవాడు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఇంతకీ ఆ జెల్లీ ఏమిటి

దాని పేరు అగర్. సముద్రంలో రాళ్ళకు పట్టుకుని పెరిగే ఎర్రటి నాచును ఉడికించి, వడగట్టి, ఎండబెట్టి తీస్తారు. రామనాథపురం తీరంలో ఆడవాళ్ళు నీళ్ళలో మునిగి ఆ నాచును చేత్తో పీక్కొస్తారు. మనం ల్యాబులో చెంచాతో కొలిచి పోసుకునేది వాళ్ళు ఊపిరి బిగబట్టి తెచ్చింది.

దాని గుణం చూడండి. కరగాలంటే నీళ్ళు కాగినంత వేడి కావాలి. ఒకసారి గట్టిపడిందా, పెనుకొండ మే నెల ఎండలో కూడా కరగదు. క్రిములకు దాని మీద కూర్చుని తినడం వచ్చు గానీ దాన్నే తినడం చాలావాటికి చేతకాదు. అరిటాకు మీద అన్నం పెట్టినట్టు. అన్నం అయిపోతుంది, ఆకు ఉంటుంది. మనిషి కూర్చుని తయారుచేసినా ఇంత సరిగ్గా కుదరదు. ఎండిపోకుండా, అలకు కొట్టుకుపోకుండా, వంగుతూ విరగకుండా ఉండటానికి ఆ మొక్క తనకోసం తాను చేసుకున్న పదార్థం ఇది. మన జబ్బుల సంగతి దానికి తెలియనే తెలియదు.

ఇదొక్కటే కాదు. తర్వాత హిందూపురంలో పనిచేసినప్పుడు పక్కగదిలో పళ్ళ డాక్టరు ఉండేవాడు. కట్టుడు పళ్ళ కొలత కోసం ఆయన నోట్లో పెట్టే మెత్తటి ముద్ద కూడా సముద్రపు నాచు సరుకే, గోధుమ రంగు నాచుది. పరిగి నుండి వచ్చిన ఒక పెద్దాయన ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, బయటికి తీశాక, "ఏమప్పా, పిండి పెట్టి రాయి తీస్తివే" అన్నాడు. రెండు నిమిషాల్లో అలా బిగుస్తుంది. సముద్రపు స్పాంజిలో దొరికిన పదార్థాల్ని చూసి వచ్చిన ఆలోచనతో రక్త క్యాన్సరుకు మందు చేశారు. ఈ రోజు కనగానపల్లి దిక్కున వేరుశనగ రైతులు నాచు రసం పిచికారీ చేస్తున్నారు. సముద్రం మనకు దూరమని ఎవరన్నారు?

సీసాలో మబ్బు

ఆ వేసవిలో ధర్మవరం నుండి లక్ష్మీదేవి అని ఒకమ్మాయి వచ్చింది. పట్టు మగ్గం నేసే ఇల్లు. పెళ్ళై ఏడాది. పుట్టిల్లు పెనుకొండ కాబట్టి తల్లి రామక్క ఇక్కడికి తెచ్చుకుంది. మూడో వారం జ్వరం. టైఫాయిడ్ అని అక్కడే మందు మొదలుపెట్టారు. అప్పట్లో టైఫాయిడ్‌కు అందరూ ఇచ్చేది ఒక్కటే, క్లోరాంఫెనికాల్. పది రోజులు మింగినా జ్వరం దిగలేదు. మూడో వారంలో పేగుకు చిల్లు పడితే మనిషి దక్కడం కష్టం. డాక్టరమ్మ భయం అదే. జబ్బు టైఫాయిడేనా? అయితే మందుకు ఎందుకు లొంగడం లేదు? ఇంకొకటైతే అదేమిటి?

రక్తం తీసి పోషక ద్రవం ఉన్న సీసాలో వేశాను. రెండో రోజుకు తేటగా ఉన్న ద్రవం మసకబారింది. లోపల ఏదో పెరుగుతోంది. ఏదో అంటే చాలదు. దాన్ని గట్టి పళ్ళెం మీద గీసి, విడివిడి చుక్కలుగా పెంచితేనే అది ఎవరో తెలుస్తుంది. నేను అగర్ డబ్బా తెరిచాను. అడుగున చిటికెడు పొడి.

చూసుకోవలసింది నేను. చూసుకోలేదు. కోపం మాత్రం ఖాసీం సాబ్ మీద చూపించాను.

"డబ్బా ఖాళీ అయితే చెప్పాలని తెలీదా నీకు?"

"మూత తీసేది మీరు గదా సార్. నేను తాకితే చెయ్యి ఇరగ్గొడతానంటిరి" అన్నాడు ఆయన, గాజు కుప్పె తుడుస్తూనే. తర్వాత మెల్లగా, "సార్, ఒక మాట. రంజాన్‌కు మా ఇంట్ల చైనా గ్రాస్ కాస్తాము. పాలల్ల ఏసి కాస్తే ఇట్లనే గడ్డ కడతాది. పోయిన సారిది కొంచెం మిగిలి ఉండాది. ఇదీ అదీ ఒకటే అనిపిస్తాది నాకు. తెద్దునా?"

నేను నవ్వాను. ఎగతాళిగా. "ఇది సైన్సు ఖాసీం. ఫలహారం కాదు."

ఆయన ఆ కుప్పె బోర్లించి ఇంకొకటి అందుకున్నాడు.

నా సైన్సు ఏం చేసిందో చెబుతాను. అలమారలో జెలటిన్ ఉంది. ఎముకల నుండి తీసే జిగురు. దాంతో పళ్ళేలు పోశాను, చల్లబరిస్తే అద్దంలా గట్టిపడ్డాయి. మసక ద్రవం గీసి, ఒంటి వేడి ఉండే ఇంక్యుబేటర్లో పెట్టి, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాను. పొద్దున తలుపు తీస్తే పళ్ళేల నిండా నీళ్ళు. జెలటిన్ ఆ వేడికి కరిగిపోతుందని పుస్తకంలో ఉంది. చదివాను కూడా. పరీక్ష కోసం చదివాను, పని కోసం కాదు.

ఒక రోజు పోయింది. వార్డులో లక్ష్మీదేవికి పలవరింతలు మొదలయ్యాయి.

రామక్క డాక్టరమ్మ గది ముందు నిలబడి ఉంది. "ఇంటికి తీస్కపోతాం తల్లీ. మూడు వారాలాయ. ఈడ సూదులు, ఆడ సూదులు. ఏం జబ్బో ఒక్కరూ చెప్పరు. ఏదైనా మా ఇంట్లనే కానీ."

"రెండు రోజులు ఇవ్వు రామక్కా. ఏం జబ్బో చెప్తాను. చెప్పలేకపోతే నేనే బండి పిలిపిస్తాను" అంది డాక్టరమ్మ.

అలా అని నా వైపు చూసింది, కళ్ళద్దాల పైనుంచి. నేను జెలటిన్ సంగతి చెప్పాను. ఖాసీం సాబ్ చెప్పింది కూడా, నవ్వులాటగా, చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఎప్పుడు చెప్పాడు?"

"నిన్న మేడమ్."

"నిన్న చెప్తే ఇవాళ నాకు చెప్తున్నావా? అగర్‌ను బజార్లో చైనా గ్రాస్ అనే అంటారయ్యా. మొట్టమొదట దీన్ని ల్యాబుకు చెప్పింది కూడా ఒక వంటింటి ఆవిడే. జర్మనీలో, ఇంట్లో జామ్ కాచే ఆవిడ. వెళ్ళి ఆయన్ని అడుగు. సరిగ్గా అడుగు."

చేపల్లాగా కడిగింది

ఖాసీం సాబ్ భార్య ఫాతిమాబీ. అప్పటికి నేను ఆమెను చూడలేదు. "శుభ్రంగా నానబెట్టి పంపమను" అని మాత్రం ఖాసీం సాబ్‌తో కబురు చేశాను. ఎందుకో చెప్పలేదు. చెబితే ఆడవాళ్ళకు అర్థమవుతుందా అనుకున్నాను. మధ్యాహ్నానికి గిన్నెలో నానిన చైనా గ్రాస్ వచ్చింది. తెల్లగా, మెత్తగా, చూడముచ్చటగా ఉంది. మిగతా దినుసులు కలిపి, కుక్కరులో ఆవిరి పట్టించి, పళ్ళేల్లో పోశాను. చల్లారింది. గట్టిపడలేదు. గంట చూశాను. గంజి.

నాకు పూనకం వచ్చింది. గంజి కుప్పె ఎత్తి పారబోయబోతూ, ఎందుకో ఒక లిట్మస్ కాగితం అందులో ముంచాను. నీలం కాగితం ఎర్రగా మారింది. పులుపు! ఎక్కడి నుండి వచ్చింది పులుపు?

గిన్నె పట్టుకుని ఆసుపత్రి వెనక వీధిలో ఉన్న వాళ్ళింటికి పోయాను. గుమ్మం దగ్గరే మొదలుపెట్టాను.

"ఏం కలిపారమ్మా ఇందులో?"

ఫాతిమాబీ చాటలో బియ్యం ఏరుతోంది. తల కూడా ఎత్తలేదు. "ముందర కుచ్చో నాయనా. నిలబడి అరిస్తే చైనా గ్రాస్ గట్టిపడతాదా?"

కూర్చున్నాను.

"ఏం కలపలేదు. నీసు వాసన కొట్టె. ఇంట్లకైతే పాలు, చక్కెర, ఏలక్కాయ ఏస్తాము, వాసన తెలీదు. ఆసుపత్రికి అంటివి, శుభ్రంగా అంటివి. నీసు పోవల్లంటే ఏం జేస్తారు? చెరువు చేపలు కడిగినట్ల చింతపండు పులుసు పోసి రెండు తూర్లు పిసికి పిసికి కడిగినా."

పులుపుతో కలిపి కాస్తే అగర్ విరిగిపోతుంది, గట్టిపడే శక్తి పోతుంది. సముద్రాన్ని ఎన్నడూ వాసన చూడని మనిషి, ఆ వాసనను తనకు తెలిసిన చెరువు చేపతో పోల్చి, తనకు తెలిసిన మంచి పద్ధతిలో, మామూలుకంటే ఎక్కువ శ్రద్ధగా కడిగింది.

"అది సముద్రంలో నాచమ్మా. ఆ వాసన ఉంటుంది. పులుపు తగలకూడదు" అన్నాను.

అప్పుడు తల ఎత్తింది. "ఓహో! సముద్రందని నీకు తెలుసు, నాకు తెలీదు. తెలిసినోడివి నోట్ల పెట్టుకోని, తెలీనిదాని మీద అరిసేదానికొచ్చినావా? పులుపు పడితే గట్టిపడదని మా అవ్వ అంటాండె. నిమ్మకాయ పిండితే పొయ్యి మీద నుంచి దించినంకనే పిండల్ల అని. కడిగిన పులుపు కూడా పనిజేస్తాదని నాకేం ఎరుక? దేనికి అని చెప్పింటే నిన్ను అడిగే కడిగిందును గదా."

ఖాసీం సాబ్ గోడకు ఆనుకుని మీసం కింద నవ్వుకుంటున్నాడు. "చెప్పరు లేబ్బా. అది సైన్సు."

ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. అప్పుడు చెప్పాను. లక్ష్మీదేవి సంగతి, సీసాలో మబ్బు, రామక్క బండి, అన్నీ. ఆమె చాట పక్కన పెట్టింది.

"ఇంగ ఇంతే ఉండాది" అని డబ్బా తెచ్చింది. గుప్పెడు. ఆ సీజన్లో పెనుకొండ కొట్లలో చైనా గ్రాస్ దొరకదు. "ఈ తూరి నేనొస్తా. నువ్వు పక్కనుండు."

రెండు పళ్ళేలు

ఫాతిమాబీ ల్యాబులోకి వచ్చి చెప్పులు బయట విడిచింది. ఉత్త నీళ్ళలో నానబెట్టి మూడుసార్లు నీళ్ళు మార్చింది. మార్చిన ప్రతిసారీ నేను లిట్మస్ ముంచి చూపించాను. "ఈ కాగితం బాగుండాదే. నాలిక పని చేస్తాది" అంది. పోగులు కనబడకుండా కరిగేదాకా కాయాలంది. నేను గడియారం చూస్తుంటే, "గడియారం కాదు, గరిటె చూడు" అంది. చల్లటి స్టీలు పళ్ళెం మీద ఒక బొట్టు వేసింది. పూసలా నిలబడింది. వేలితో నెడితే జరిగింది, చితకలేదు. "అయిపాయ."

ఆ బొట్టు పరీక్షను ఉద్యోగం వదిలేదాకా చేశాను. కంపెనీ డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే.

సరిగ్గా రెండు పళ్ళేలకు వచ్చింది. కొంచెం పసుపుగా, కొంచెం మసకగా ఉన్నాయి. కానీ గట్టివి. ఒకదాని మీద మసక ద్రవాన్ని గీశాను. రెండోదాని మీద పూసి, మందుల్లో ముంచి ఆరబెట్టిన అద్దుడు కాగితం బిళ్ళలు పెట్టాను. ఆ బిళ్ళలు ఆఫీసు పంచింగ్ మిషన్‌తో కొట్టినవి. నవ్వకండి. అప్పట్లో మా దగ్గర ఉన్నది అదే.

మర్నాడు పొద్దున ఇంక్యుబేటర్ తలుపు ఖాసీం సాబ్‌నే తీయమన్నాను.

మొదటి పళ్ళెం మీద రంగులేని చిన్న చిన్న గుండ్రటి చుక్కలు. టైఫాయిడ్ క్రిమి అక్కడ అలాగే పెరుగుతుంది. టైఫాయిడ్ క్రిమినే పట్టి గడ్డ కట్టించే సీరం ఒక చుక్క కలిపి చూస్తే గడ్డలు కట్టింది. అదే. రెండో పళ్ళెంలో క్లోరాంఫెనికాల్ బిళ్ళ అంచుదాకా క్రిములు దట్టంగా పెరిగి ఉన్నాయి. ఆ మందును అవి లెక్కే చేయలేదు. దాని పక్కన ఆంపిసిలిన్ బిళ్ళ చుట్టూ మాత్రం ఖాళీ. రూపాయి బిళ్ళంత తేటైన వృత్తం. ఆ వృత్తం లోపల ఒక్క చుక్క కూడా లేదు.

"ఏమి సార్ అది?" అన్నాడు ఖాసీం సాబ్.

"లక్ష్మీదేవి" అన్నాను.

పళ్ళెం పట్టుకుని వార్డుకు పరిగెత్తాను. డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది. తర్వాత రామక్కను పిలిచి చూపించింది. ఒక రోగి తల్లికి కల్చర్ పళ్ళెం చూపించిన డాక్టరును నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"ఇదిగో నీ బిడ్డ జబ్బు. ఇన్ని రోజులు ఇచ్చిన మందు ఇది. దీనికి అవి చావలేదు. ఇది కొత్త మందు. చూడు, చుట్టూ ఎట్లా చచ్చాయో."

రామక్క ఆ వృత్తం మీద వేలు పెట్టబోతే ఆపాను. "ఇది యాడి నుంచి వచ్చింది సామీ?" అంది, పళ్ళెంలో జెల్లీని చూసి.

"సముద్రం నుంచి" అన్నాను.

"సముద్రం యాడ, మేము యాడ!" అని చేతులు జోడించింది. నాకు కాదు, పళ్ళేనికి.

ఆ పూటే మందు మార్చారు. మూడో రోజుకు పలవరింతలు ఆగాయి. ఐదో రోజు జ్వరం దిగింది. బండి పిలవనక్కరలేకపోయింది. పన్నెండో రోజు లక్ష్మీదేవి వరండాలో కూర్చుని, ఆసుపత్రి దుప్పటి అంచు చూసి, "ఇదేమి నేత? వాళ్ళ చేతులు ఇరగ" అని తిడుతుంటే విని నేనూ ఖాసీం సాబూ మొహాలు చూసుకున్నాం. మనిషి దక్కింది.

రిపోర్టు

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీ బల్ల మీద ఉన్న ప్రతి పొడి ఎక్కడో పుట్టింది. ఏ నీళ్ళలో పెరిగింది, ఎవరు పీకారు, దేనికి విరుగుతుంది, ఇవి తెలియకుండా డబ్బా మూత తీయకండి. మిషన్లు వచ్చాయి, సంతోషం. వాటిని నేనేమీ అనను. డబ్బా ఖాళీ అయ్యేదాకా చూసుకోనిది నేను, జెలటిన్‌తో ఒక రోజు పాడుచేసింది నేను, మూడోసారి తప్పు జరగడానికి కారణం, ఎందుకో చెప్పకుండా కబురు పంపిన నా పొగరు. ఈ మూడింటిలో ఏదీ మిషన్ ఆపేది కాదు.

లక్ష్మీదేవి రిపోర్టు నేనే రాశాను. "వాడిన పదార్థం" అన్న చోట "అగర్" అని రాసి, కింద నా సంతకం పెట్టాను. డాక్టరమ్మ చదివి వెనక్కి తోసింది.

"ఏ కంపెనీ అగర్?"

"మేడమ్, అది... చైనా గ్రాస్ అని రాస్తే పైవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ. ఎవరు తెచ్చారు, ఎవరు కాచారు, రాయి. రేపు ఇంకెక్కడైనా డబ్బా ఖాళీ అయితే ఇది చదివి ఒకడు బతికిస్తాడు."

రాశాను. "చైనా గ్రాస్. ఉత్త నీళ్ళలో నానబెట్టి, పులుపు లేదని చూసుకుని కాచినది. తెచ్చినవారు: ఖాసీం సాబ్. కాచినవారు: ఫాతిమాబీ." తెలుగులో, పెద్ద అక్షరాలతో. ఆ కాగితం మీద నా సంతకం ఆమె పేరు కింద ఉంది. నా ఉద్యోగంలో నేను పెట్టిన సంతకాల్లో సరైన చోట పెట్టింది అదొక్కటే.

ఇప్పుడు చెప్పండి. సముద్రం అడుగున ఒక నాచు తనకోసం తయారుచేసుకున్న దాన్ని, సముద్రం వాసన కూడా తెలియని ఒక ఇల్లాలు గరిటెతో కాచి, ఒక నేతగత్తెను మగ్గం ముందు మళ్ళీ కూర్చోబెట్టింది. దీన్ని సైన్సు కాదనే దమ్ము మీలో ఎవరికి ఉంది?